రాక్ సంగీత విమర్శకుల తూనికరాళ్ళు

తాను వలచినది రంభ, తాను మునిఁగినది గంగ యని మనవారిలో నొక సామెత కలదు. పెండ్లివిషయమున నీ సామెత యెవ్వరికిని హాని చేయదు. తన భార్యను రంభ యనుకొను పురుషుఁడు లోకమునకు మేలే చేయుచున్నాఁడు. కాని యొకఁడు పత్రికాపీఠ మెక్కి, లక్షలకొలఁది జనులు తన మాటను నమ్మి సొమ్ము వెచ్చించుచుండఁగా, తాను వలచినదానినే రంభ యనియు, తనకు నచ్చనిదానిని శూర్పణఖ యనియు శాసించుచు, పదియేండ్లు గడచిన పిమ్మట నా శూర్పణఖకే రంభయని పేరుపెట్టి, మొదట నన్నమాట నెవ్వరును జ్ఞప్తియం దుంచుకొనరని ధైర్యము వహించినచో, అది విచారింపవలసిన విషయ మగును.

ఈ పత్రికను జదువువారు కావ్యవిమర్శనమును గుఱించిన వ్యాసముల కలవాటుపడినవారు. రాక్ సంగీత మను పేరు విన్నంతనే కొందఱు మన కేల యీ గోల యని పుట త్రిప్పుదురేమో. వారి కొకమాట చెప్పవలెను. కాళిదాసుని నాటకమును మొదటిదినమునఁ జూచి యింటికిఁ బోయిన పండితుఁడు తన పొరుగువానితో నేమనెనో మన కెవ్వరికిని దెలియదు. భవభూతి తన్ను మెచ్చనివారిని దలఁచుకొని నొచ్చుకొన్నాఁ డని యెఱుఁగుదుము గాని, వారెవ్వరో, వారి యాక్షేపణ మేమియో యెఱుఁగము. రాక్ సంగీతమున నట్లు గాదు. పాట పుట్టిన తేదియు, దానిపై మొదటి తీర్పు అచ్చుపడిన తేదియు, ఆ తీర్పు తలక్రిందైన తేదియు నన్నియు దొరకును. పాటయు నాఁ డెట్లు మ్రోఁగెనో నేఁడును రికార్డునం దట్లే యున్నది. కాఁబట్టి విమర్శకుని మనస్సు పనిచేయు తెఱఁగును బరీక్షింపఁ గోరువారి కింతకంటె మంచి ప్రయోగశాల లేదు.

అమెరికాదేశమున రాక్ పాటను బాలుర కేకలుగాఁ గాక కళగా నెంచి విమర్శించు పత్రికలు మొదలై యఱువదియేండ్లు కావచ్చినది. 1966 లో పాల్ విలియమ్స్ అను పదునేడేండ్ల విద్యార్థి స్వార్త్‌మోర్ కళాశాలలో "క్రాడాడీ" యను పత్రికను వెలువరించెను. మఱుసటియేఁట సాన్‌ఫ్రాన్సిస్కో నగరమున యాన్ వెనర్ అను నిరువదియొక్కయేండ్ల యువకుఁడును, రాల్ఫ్ గ్లీసన్ అను ననుభవశాలియు గలసి "రోలింగ్ స్టోన్" పత్రికను స్థాపించిరి. (ఇదే పేరు బహువచనముగాఁ గల ఆంగ్లేయ గాయకబృందము వేఱు, పత్రిక వేఱు. చదువరులు పొరపడకుందురుగాక.) 1969 లో డెట్రాయిట్‌నుండి "క్రీమ్" వెలువడెను. ఆ యేఁటనే న్యూయార్కు "విలేజ్ వాయిస్" పత్రికలో రాబర్ట్ క్రిస్ట్‌గౌ అనునతఁడు బడిపిల్లల కాగితములకు వేసినట్లు ఒక్కొక్క యాల్బమునకు నక్షరముల తరగతి వేయుట కారంభించెను. వీరిలోఁ బెక్కండ్రు నూనూఁగు మీసములవారు. తప్పు దిద్దు పెద్దలు లేరు, అనుసరింప శాస్త్రము లేదు. ధర్మశాస్త్రము పుట్టకమునుపే న్యాయాధిపతులు పుట్టిరి.

లెడ్ జెప్పెలిన్ అను ఆంగ్లేయ బృందము తన మొదటి యాల్బమును 1969 జనవరిలో వెలువరించెను. ఆ మార్చిలోనే రోలింగ్ స్టోన్‌నందు జాన్ మెండెల్‌సోన్ దానిపైఁ దీర్పు వ్రాసెను. ఆ తీర్పు సారాంశ మేమనఁగా, జెఫ్ బెక్ బృందము 1968 లోఁ జేసినదానికంటె వీరు క్రొత్తగాఁ జేసినది లేదు. గిటారు వాయించు జిమ్మీ పేజ్ వాద్యమున నేర్పరియే గాని పాటలు కట్టుటయందు దుర్బలుఁడు. రాబర్ట్ ప్లాంట్ గొంతు రాడ్ స్టూవర్టు గొంతునకు సాటిరాదు. ఆ యేఁటనే రెండవ యాల్బము రాఁగా నీ విమర్శకుఁడే పొగడుచున్నట్లు నటించి వెక్కిరించెను. బృందమువారి కీ గాయము లోఁతుగాఁ దగిలినది. ఆ పత్రికవారి ముఖము చూచుటకు జిమ్మీ పేజ్ ఏండ్లకొలఁది యొప్పుకొనలేదు. తుదకు 1975 లో వారి మనసు కరఁగించి యా పత్రికకు సంభాషణ సంపాదించినవాఁడు కామెరన్ క్రో అను పదునేడేండ్ల పిల్లవాఁడు.

మెండెల్‌సోన్ పోల్చినపోలిక నిరాధారమని మేము చెప్పము. రెండు బృందములును ఒకే ప్రాఁతపాటను దమ తమ యాల్బములలోఁ బాడిరి. ఎవ్వరైనఁ బోల్చి చూతురు. విశేషము తరువాతఁ గలదు. 2003 లో నదే పత్రిక సర్వకాలోత్తమములైన 500 ఆల్బముల పట్టికను బ్రకటించి, అందు లెడ్ జెప్పెలిన్ మొదటి యాల్బమునకు 29 వ స్థాన మిచ్చెను. 2020 లోఁ బట్టికను మరలఁ గూర్చినప్పు డది 101 వ స్థానమునకు దిగెను. ఈ పట్టికలు పలువురి యభిప్రాయములను లెక్కించి చేసినవి గావున మెండెల్‌సోన్‌ను వానికి బాధ్యునిఁ జేయరాదు. పత్రికను మాత్రము చేయవచ్చును. 1969 లో నకలు సరకైన వస్తువు 2003 లో నుత్తమోత్తమ మగుటకుఁ గారణ మేమి? పాటలో నొక్క తీఁగె మీటు మాఱలేదు. మాఱినది విను తరము. ఆ మాట పత్రికవారు చెప్పియుండినచో మేము సంతోషించియుందుము. తొలి తీర్పును బేరు పెట్టి తలఁచి, ఇందువలనఁ బొరపడితిమి, లేదా యందుచేత నిప్పుడు మెచ్చుచున్నాము అని యొక్క పుట వ్రాసినచో, అది పట్టికలోని యైదువందల పేర్లకంటె నెక్కువ యుపకరించియుండును.

ఇచ్చట మా తప్పునొకదానిఁ జెప్పుకొనవలెను. 2000 ప్రాంతమున మేము కళాశాల వసతిగృహమున నుండి చదువుకొనుచుంటిమి. తోడివిద్యార్థి యొకఁడు తన యన్న యెచ్చటినుండియో తెచ్చిన క్యాసెట్టును మాకు వినుటకై యిచ్చెను. అది యీ లెడ్ జెప్పెలిన్ మొదటి యాల్బమే. దానికి నెలదినములముందు మేము గ్రంథాలయమునందు ప్రాఁత విమర్శలఁ గూర్చిన యొక యింగ్లీషు పుస్తకమునఁ బైతీర్పును జదివియుంటిమి. క్యాసెట్టును వినకయే మూఁడవనాఁడు తిరిగి యిచ్చి, ఇది యెరవు సరకు, బెక్ బృందముది వినుము అని పండితునివలెఁ బలికితిమి. బెక్ బృందముదియు మేము వినలేదు. అతఁ డేమియు ననలేదు. క్యాసెట్టును జేబులో వేసికొని పోయెను. మఱల మా కేదియు వినుమని యియ్యలేదు. ఆ పాటలను మేము విన్నది పదునైదేండ్ల తరువాత. విమర్శకుని పక్షపాత మతనితోనే యంతరింపదనియు, అది యితరుల చెవులను మూయుననియు మే మనుభవమువలన నేర్చుకొంటిమి. ఈ వ్యాసము వ్రాయుటకు మూలకారణ మదియే.

తీర్పు మార్చుకొనుట దోషము గాదు. లెస్టర్ బాంగ్స్ అను విమర్శకుఁ డిందులకు నిదర్శనము. అతఁడు 1969 లో రోలింగ్ స్టోన్‌లోఁ దన మొదటి విమర్శగా ఎం.సి. 5 అను డెట్రాయిట్ బృందమును దునుమాడెను. పిదప నా నగరమునకే పోయి, వారి పాటలను మరల మరల విని, తన మొదటి తీర్పు తప్పని బాహాటముగాఁ జెప్పి వారికి భక్తుఁ డయ్యెను. 1970 లో బ్లాక్ సబ్బత్ మొదటి యాల్బమును దుమ్మెత్తిపోసెను. 1972 లో నా బృందమునుగూర్చియే "క్రీమ్"లో సుదీర్ఘమైన వ్యాసము వ్రాసి, జనులు పిశాచారాధకు లనుకొనువారిలో నీతిబోధకులను జూపెను. ఇతని కోపమును బ్రేమయు రెండును బట్టబయలు. ఎందులకుఁ దిట్టెనో, ఎందులకు దిగివచ్చెనో చదువరికిఁ దెలియును. అట్టివాని పక్షపాతము గాలి యెటు వీచుచున్నదో చూపు జెండావంటిది. దానిని జూచి మన పడవను మనము నడపుకొనవచ్చును. అతఁడు 1982 లో ముప్పదిమూఁడేండ్ల ప్రాయముననే మరణించుట సంగీతవిమర్శనమునకుఁ గొఱఁత. రోలింగ్ స్టోన్ పత్రిక విషయమున నట్లు చెప్పలేము. 1970 లోఁ దన పుటలలోఁ దిట్టుపడిన బృందము యొక్క "పారనాయిడ్" అను నాల్బమునకు 2017 లో మెటల్ సంగీత పట్టికలో నా పత్రికయే ప్రథమస్థాన మిచ్చెను.

బీటిల్స్ వారి "సార్జంట్ పెప్పర్" కథ యింకను వినోదకరము. 1967 జూన్ నెలలో లోకమంతయు నా యాల్బమును నెత్తిఁ బెట్టుకొని యూరేగుచుండఁగా, న్యూయార్క్ టైమ్స్ పత్రికలో రిచర్డ్ గోల్డ్‌స్టీన్ అను యువవిమర్శకుఁ డది మెఱుఁగు పూఁతలేగాని లోపల సరకు తక్కువయని వ్రాసెను. చదువరులు మండిపడిరి. తన యింటి స్టీరియో యంత్రమున నొక స్పీకరు చెడియుండెనని యతఁడు తరువాత నొప్పుకొనెను. ఒక చెవితో విన్న సంగీతమునకు రెండుచేతులతోఁ దీర్పు వ్రాసినట్లయినది. 2003 నాఁటి రోలింగ్ స్టోన్ పట్టికలో నీ యాల్బమునకే మొదటిస్థానము. 2020 లో 24 వ స్థానము. ఈమాఱు చెడిన స్పీకరు ఎవరిదో చెప్ప లేము.

నిర్వాణ బృందమువారి "నెవర్‌మైండ్" 1991 లో నా పత్రికయందు మూఁడు నక్షత్రములు పొంది, 2020 పట్టికలో నాఱవది యయ్యెను. దానిని గుఱించి విస్తరింపము. ఆ పత్రికయందే యొక మంచి పద్ధతియు నొకప్పుడుండెను. 1969 లో బీటిల్స్‌వారి "ఆబీ రోడ్" వెలువడఁగా, పొగడు విమర్శ నొకదానిని, తెగడు విమర్శ నొకదానిని ఒకే సంచికలోఁ బ్రకటించిరి. ఇది నిలిచి యుండినచో నెంతయో బాగుండెడిది.

ఇంతవఱకుఁ జెప్పినది చెవిదోషము. ఇఁక హృదయదోషము, సంచిదోషము. 1973 లో బాంగ్స్‌ను రోలింగ్ స్టోన్ యజమానియైన వెనర్, సంగీతకారులపట్ల నమర్యాదగా వ్రాయుచున్నాఁ డని చెప్పి తొలఁగించెను. అమర్యాద కూడదను నియమము మంచిదే యనుకొందము. 2001 లో మిక్ జాగర్ తన సొంత యాల్బమును వెలువరింపఁగా, దానికి వెనరే స్వయముగా విమర్శ వ్రాసి, యైదు నక్షత్రములును సమర్పించెను. జాగర్ అతనికి బహుకాలమిత్రుఁడు. ఆ యాల్బమును శాశ్వతకృతిగా నేఁ డెవ్వరును దలఁపరు. మిత్రుని మెచ్చుకొనుట మనుష్యధర్మము. దానిని దీర్పని పిలుచుటయే తగదు. మన కవులు తమ కృతిపతిని ఇంద్రుఁడు చంద్రుఁడని పొగడుదురు గాని యది స్తోత్రమని చదువరి యెఱుఁగును. అవతారికయందుండును గాని తీర్పుగాఁ జెల్లదు.

1996 లో జరిగిన దింతకంటెను జెడ్డది. హూటీ అండ్ ది బ్లోఫిష్ అను బృందము యొక్క మొదటి యాల్బము కోటికిఁ బైగా ప్రతు లమ్ముడుపోయియుండెను. రెండవదానిపై నా పత్రిక సంపాదకవర్గమునందలి జిమ్ డెరొగాటిస్ ప్రతికూలముగా విమర్శ వ్రాసెను. దానిని దీసివేసి, అనుకూలమైనది వేఱొకటి యచ్చువేసిరి. వెనర్‌కు నీ బృందము ఇష్టమా యని వేఱొక పత్రికవారడుగఁగా, ఎక్కువ ప్రతులమ్ము బృందములన్నియు నతని కిష్టమే యను భావము వచ్చునట్లు డెరొగాటిస్ బదులు చెప్పెను. ఉద్యోగము పోయినది. చదువరి యింటికి వచ్చిన సంచికలో మాత్రము అనుకూలవిమర్శయే యుండెను. దాని వెనుక నున్న చరిత్ర యుండలేదు. పక్షపాతమునకంటెఁ బక్షపాతమును దాఁచుట యెక్కువ దోషమని మేము తలఁచుట కీ కథయే చాలును.

జాన్ లాండౌ కథ మఱియొకరీతిది. అతఁడు తెలివిగల విమర్శకుఁడు. 1974 మే నెలలో బాస్టన్ నగరపు వారపత్రికలో, తాను బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ కచేరిలో రాక్ సంగీతము యొక్క భావికాలమును గన్నులారఁ జూచితినని వ్రాసెను. రికార్డు కంపెనీవా రా మాటను బ్రకటనలలోఁ జాటిరి. మఱుసటియేఁట వెలువడిన "బోర్న్ టు రన్" నిర్మాతలలో లాండౌ యొకఁడు. పిదప నతఁడు స్ప్రింగ్‌స్టీన్‌కు వ్యవహారకర్త యయ్యెను. జోస్యము చెప్పినవాఁడే దానిని నిజముచేయుటకుఁ బూనుకొన్నాఁ డన్నమాట. ఇందు మోసము లేదు. అతఁడు విమర్శపీఠము విడిచి యవతలిగట్టున కందఱు చూచుచుండఁగానే దాఁటెను. ఐనను 1974 నాఁటి యా వాక్యమును నేఁడు చదువునప్పుడు తక్కెడలో నొక చేయి యానినట్లు తోఁచక మానదు.

క్రిస్ట్‌గౌనుగూర్చి యొక చిన్నకథ చెప్పి ముందునకుఁ బోవుదము. 1978 లో లూ రీడ్ అను గాయకుఁడు కచేరి నడుమఁ బాటలాపి యతనిని బేరెత్తి తిట్టెను; ఆ తిట్లు రికార్డులోనే కెక్కినవి. క్రిస్ట్‌గౌ తన్ను దిట్టిన యాల్బమునకు సి ప్లస్ తరగతి వేసి, తన పేరును సరిగా నుచ్చరించినందులకు వందనములు చెప్పెను. తిట్టినందులకుఁ దగ్గించెనో, తిట్టినవానికి న్యాయము చేయుచున్నా నను పట్టుదలతోఁ గొంచెము పెంచెనో! తన మనసు తనకే పూర్తిగాఁ దెలియనిచోట నక్షరములు వేయుట కష్టము.

రాక్ సంగీతము నల్లజాతివారి బ్లూసు పాటలనుండి పుట్టినది. సిస్టర్ రోసెట్టా థార్ప్, చక్ బెర్రీ, లిటిల్ రిచర్డ్ లేనిచో బీటిల్స్ లేరు. ఐనను 2003 పట్టికలోని మొదటి పదింటిలో నల్లవాని కృతి మార్విన్ గే పాడిన "వాట్స్ గోయింగ్ ఆన్" యొక్కటియే. స్త్రీ కృతి యొక్కటియు లేదు. ఓట్లు వేసినవారిని మార్చి 2020 లో మరలఁ గూర్చఁగా, ఆ మార్విన్ గేయే మొదటివాఁ డయ్యెను. జోనీ మిచెల్ "బ్లూ" మూఁడవదిగాను, లారిన్ హిల్ కృతి పదవదిగాను నిలిచెను. ఈ పాటలన్నియు 2003 నాఁటికే యున్నవి. విన్నవారు లేకపోలేదు, పిలువఁబడినవారు లేకపోయిరి. 2023 లో వెనర్ తాను జరపిన సంభాషణల గ్రంథ మొకటి ప్రకటించెను. అందు నేడుగురు మహనీయులు. ఏడుగురును దెల్లవారైన పురుషులే. ఏల యని న్యూయార్క్ టైమ్స్ వారడుగఁగా, స్త్రీలును నల్లవారును దా నడుగు మేధాస్థాయిలో మాటలాడఁజాలినవారు గారను నర్థము వచ్చునట్లు పలికెను. తాను స్థాపించినవారిలో నొకఁడైన రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ వా రతనిని వెంటనే పాలకమండలినుండి తొలఁగించిరి. అతఁడు క్షమాపణయుఁ జెప్పుకొనెను. మేము మాత్రము ఆ మాటలను విని యాశ్చర్యపడలేదు. యాఁబదియేండ్ల పుటలలో వ్యాపించియున్న దొక్క నోటిమాటగా బయటఁ బడినది, అంతియ.

క్వీన్ బృందమును 1979 లో డేవ్ మార్ష్ నిరంకుశ ఫాసిస్టు బృందమని దూషించిన విమర్శయు నిచ్చటఁ దలఁపవలెను. ఆ బృందపు గాయకుఁడు ఫ్రెడ్డీ మెర్క్యురీ పుట్టుపేరు ఫరూఖ్ బుల్సారా. జాంజిబారున జన్మించిన పార్సీ. పంచగని బడిలోఁ జదివినవాఁడు. వేలకొలఁది జనులచేతఁ జేతులు తట్టించి యొక్క గొంతుతోఁ బాడించుట ఫాసిస్టు లక్షణమైనచో మన భజనమందిరములన్నియు మూయవలసివచ్చును. (ఇది వ్రాయునప్పుడు పంచగని పేరు మా కలమునకుఁ గొంత వేగము నిచ్చినదని చదువరులు గ్రహింతురుగాక. మేమును మనుష్యులమే.)

2004 లో కెలిఫా సానే అను విమర్శకుఁడు న్యూయార్క్ టైమ్స్‌లో నొక వ్యాసము వ్రాసి, గిటారు చేతఁబట్టి తన పాట తాను వ్రాసికొనువాఁడే నిజమైన కళాకారుఁ డనియు, తక్కినవారు వేషధారులనియు దలఁచు దురభిమానమును ఖండించెను. దానికి "రాకిజ"మని పేరు. ఆ ఖండనము న్యాయమైనదే. ఐనను వంగిన కఱ్ఱను దిద్దఁబోయి రెండవవైపునకు వంచినవారు కొందఱు గలరు. పూర్వము జనప్రియమైనదెల్ల హీన మనువారు; ఇటీవల జనప్రియమైనదానిని నిందించుటకే జంకువారు బయలుదేఱిరి. రెండింటియందును బాట వినఁబడదు, పాటకు ముందున్న సిద్ధాంతమే వినఁబడును.

ఇఁక సంఖ్యల సంగతి. పిచ్‌ఫోర్క్ అను నంతర్జాలపత్రిక గత శతాబ్దపు చివరి దశాబ్దమున మిన్నియాపోలిస్‌లో రయన్ ష్రైబర్ అను యువకునిచేత స్థాపింపఁబడి, ప్రతి యాల్బమునకును సున్నమొదలు పదివఱకు దశాంశబిందువుతోఁ గూడ మార్కులు వేయుచు వచ్చినది. ఆఱున్నర కాదు, ఆఱు బిందువు నాలుగు! బంగారము తూఁచు కంసాలికైన నింత ధైర్యముండదు. 2003 లో లిజ్ ఫెయిర్ అను గాయని యాల్బమునకు 0.0 వేసిరి. ఆ విమర్శ వ్రాసిన యువకుఁడు పెద్దవాఁడై 2019 లో నామెకు బహిరంగముగా క్షమాపణ చెప్పెను. 2021 లో నా పత్రికవారు పందొమ్మిది యాల్బములను మరలఁ దూఁచిరి: లిజ్ ఫెయిర్‌కు 0.0 పోయి 6.0 వచ్చెను, డాఫ్ట్ పంక్‌వారి "డిస్కవరీ"కి 6.4 పోయి పదికిఁ బది వచ్చెను. తప్పును దామే యచ్చువేసికొన్నందులకు మేము వారిని మెచ్చుచున్నాము. కాని యా దశాంశబిందువు మొదటినుండియు నబద్ధమని వా రొప్పుకొనలేదు. పాఁత యంకెను గొట్టివేసి క్రొత్త యంకె వేసిరి.

మార్కుల విషయము మాకుఁ గొంత తెలిసినది. ఇరువది యేండ్లుగా వ్యాసముల కాగితములు దిద్దుచున్నాము. మా తరగతిలో నొక బాలుఁ డుండెడివాఁడు. ప్రతి పాఠమునను లేచి యెదురుప్రశ్న వేయువాఁడు. వాని వ్యాసములకుఁ బదింట నాలుగు, అప్పుడప్పు డైదు వేయుచుంటిమి. ఒక వేసవిలో మా యింట దొరకిన ప్రాఁత కట్టను వినోదమునకై పేర్లపైఁ గాగితము మడిచి మరల దిద్దితిమి. నాలుగు వేసిన వ్యాసమునకు నేడున్నర పడినది. మడత విప్పి చూడఁగా వానిదే. అప్పటికి వాఁడు బడి విడిచి పోయియుండెను. నాఁటినుండి పేర్లు మడిచియే దిద్దుచున్నాము. ఐతే సంగీతవిమర్శకున కీ యుపాయము లేదు. గాయకుని పేరును గాగితముతోఁ గప్పవచ్చును; గొంతును దేనితోఁ గప్పుదము? గొంతే పేరు.

ఆంగ్లేయ విమర్శశాస్త్రమున డేవిడ్ హ్యూమ్ 1757 లో నభిరుచిప్రమాణమునుగూర్చి వ్రాసిన వ్యాసము ప్రసిద్ధము. అభ్యాసము, పోల్చుశక్తి, సూక్ష్మత, దురభిమానరాహిత్యము, వివేకము గలవాఁడే తీర్పరి యని యతఁడు చెప్పెను. మంచి లక్షణము. కాని యా వ్యాసముననే, బన్యన్‌ను అడిసన్‌తో సమానుఁ డనుట యెంత హాస్యాస్పదమో నిస్సంశయమైన దృష్టాంతముగాఁ జూపెను. నేఁడు బన్యన్‌ను జదువువారు పెక్కండ్రు. అడిసన్‌ను బరీక్షలకై చదువుదురు. మఱియొక వ్యాసపు టడుగుసూచికలో నా మహానుభావుఁడే నల్లజాతివారియందు మేధ లేదని వ్రాసెను. దురభిమానము కూడదని బోధించినవానికిఁ దన దురభిమానము కనఁబడలేదు. వెనర్ ఒంటరివాఁడు గాఁడు.

మన యభినవగుప్తపాదులు రసవిఘ్నములను లెక్కించిన తీరు మాకు హ్యూమ్ లక్షణముకంటె నుపయోగకరముగాఁ దోఁచుచున్నది. ఏలయనఁగా, ఉత్తముఁ డెట్లుండునని గాక, వినువాని కడ్డు వచ్చున వేవియని యాయన యడిగెను. అందుఁ బ్రతీత్యుపాయవైకల్య మొకటి; గ్రహించు సాధనమే చెడియుండుట. గోల్డ్‌స్టీన్ స్పీకరు దానికిఁ జక్కని యుదాహరణము; పండితులు నవ్వినను సరే. నిజసుఖాదివివశీభావము వేఱొకటి, తన సొంత సుఖదుఃఖములలో మునిఁగియుండుట. మిత్రున కైదు నక్షత్రములు వేయుట, తరగతిలో నెదిరించిన బాలునకు నాలుగు మార్కులు వేయుట దీనిలోఁ జేరును. స్వపరభేదముతోను దేశకాలములతోను గట్టువడుట యింకొకటి. ఇవి విఘ్నములని యాయన యనెను గాని పాపము లనలేదు. విఘ్నమున్నదని తెలిసినవాఁడు దానిని దాఁటఁ బ్రయత్నించును. లేదనుకొన్నవాఁ డందే కూర్చుండును.

సొంత యభిరుచి లేని విమర్శ శవము, బాంగ్స్ వ్రాఁతలనుండి బాంగ్స్‌ను దీసివేసినచో నేమి మిగులునని కొందఱందురు. నిజము. మే మభిరుచిని మానుమనుట లేదు. ఒక్క గుణమునకు రెండు వెలలు కట్టవద్దనుచున్నాము. 1976 లో రమోన్స్ బృందము రెండు మూఁడు స్వరమేళనములతో పాటలు పాడఁగా నది నిర్మలత్వము. 1970 లో బ్లాక్ సబ్బత్ వా రంతకంటె నెక్కువ చేసినను అది మోటుదనము. బీటిల్స్ పాటవెనుక వాద్యబృందము మ్రోఁగినచో విశాలదృష్టి. ఎమర్సన్, లేక్ అండ్ పామర్ అను బృందము అదే పని చేసినచో డంబము. నల్లవారి బ్లూసు పాటలను దీసికొన్నందులకు లెడ్ జెప్పెలిన్ దొంగలు; విల్లీ డిక్సన్ 1985 లో వ్యాజ్యము వేయఁగా వారు రాజీపడిరి గావున నా నింద న్యాయమే. కాని తమ పేరునే మడ్డీ వాటర్స్ పాటనుండి తీసికొన్న రోలింగ్ స్టోన్స్ బృందము అదే బ్లూసును దీసికొన్నచో వారు భక్తులు. భేదము నిజముగా నుండవచ్చును. బ్లాక్ సబ్బత్ సరళత వేఱు, రమోన్స్ సరళత వేఱు కావచ్చును. ఆ భేదమును జెప్పుటకే గదా విమర్శకునికి జీతము!

ఇఁక మేము పదునైదేండ్లు వినక త్రోసిపుచ్చిన యాల్బమునుగూర్చి మా యభిప్రాయ మడుగవచ్చును. ముందుగా మా విఘ్నములఁ జెప్పెదము. మేము కర్ణాటకసంగీతముతోఁ బెరిగినవారము. శ్రుతి నిలుకడనే మా చెవి మొదట వెదకును, పెద్దకేకకు వెనుదీయును. తోడివిద్యార్థికిఁ జేసిన యపచారము మనసులో నున్నది గావునఁ గొంత యెక్కువగా మెచ్చుకొందుమను భయమును గలదు. ఇన్ని చెప్పిన పిమ్మట, జాన్ బానమ్ డ్రమ్ములు మా కద్భుతముగాఁ దోఁచినవి. గిటారుపై వయొలిను కమాను లాగిన భాగము దీర్ఘమైనను విసుగు పుట్టింపలేదు. ప్లాంట్ గొంతువిషయమున మెండెల్‌సోన్ పక్షమునకే కొంత యొరఁగుచున్నాము. "బ్లాక్ మౌంటెన్ సైడ్" అను రెండు నిమిషముల గిటారువాద్యము మాత్రము మా మనసును బూర్తిగా హరించినది. దానివెనుక విరామ్ జసానీ తబలా వాయించెను. ఆ తబలా మొదటిదెబ్బ వినఁబడినంతనే మా ముఖము వికసించినట్లు ప్రక్కనున్న మా యింటివారు చెప్పిరి. ఆ సంతోషములో నెంత పాటదో, ఎంత తబలాదో మేము వేఱు చేయలేకపోయితిమి. చదువరులు తమకుఁ దోఁచినంత తగ్గించుకొని చదువుకొందురుగాక.